జరుగని ఆటల కాలము: 1888వ సంవత్సరపు బేస్‌బాల్

చరిత్ర పాఠమునందు విద్యార్థులు తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. "అయ్యా, అప్పుడట్లు గాక మఱియొక విధముగా జరిగియుండినయెడల నేమగును?" అని. ఉపాధ్యాయులలో కొందఱు దీనిని వట్టి కాలక్షేపమని త్రోసివేయుదురు. నాకట్లు తోచదు. జరిగినదానికి నిజమైన కారణమేదో తెలిసికొనుటకు, ఆ కారణమును మనస్సులోనే తొలగించి చూచుటకంటె మంచి పరీక్ష లేదు. అయితే దీనికొక కట్టుబాటు కలదు. మార్పదగినది ఒక్క సంగతి మాత్రమే; తక్కినవన్నియు నున్నవి యున్నట్లే యుండవలెను. ఒక కల్పనకు తోడు పది కల్పనలు చేర్చినచో నది కథ యగునుగాని చరిత్రాభ్యాసము కాదు. అట్టి యభ్యాసము నొకదానిని ఇచ్చట చేయుదము. విషయము అమెరికా దేశమున జీతములకాడు బేస్‌బాల్ ఆట. కాలము 1888వ సంవత్సరము.

మన పిల్లలకు క్రికెట్టు తెలియును గనుక బేస్‌బాల్ తెలియుట కష్టము కాదు. ఒక్కొక్క పక్షమున తొమ్మండుగురు. బంతి విసరువాడు పిచ్చరు. కొట్టువాని వెనుక మోకాళ్లు వంచి కూర్చుండి దానిని పట్టువాడు క్యాచరు. కొట్టినవాడు నాలుగు మూలలను చుట్టివచ్చినచో నొక పరుగు. ఏ బంతి వేయవలెనో క్యాచరు వ్రేళ్ల సైగతో పిచ్చరునకు తెలుపును. పిచ్చరు ఆ సైగను లక్ష్యపెట్టనియెడల, ఎటు వంగునో తెలియని బంతిని క్యాచరు పట్టవలసివచ్చును. ఆ కాలమున నేటివలె దిండువంటి చేతితొడుగులు లేవు. పలుచని తోలుతొడుగుతోనో వట్టిచేతులతోనో పట్టుచుండిరి. వ్రేళ్లు విఱుగుట సామాన్యము.

అట్టి క్యాచరులలో నొకడు మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకరు. ఒహాయో రాష్ట్రమువాడు, నల్లజాతివాడు, ఓబర్లిన్ కళాశాలలోను మిచిగన్ విశ్వవిద్యాలయములోను చదివినవాడు. 1884లో టొలీడో జట్టుతో అమెరికన్ అసోసియేషన్ అను పెద్ద లీగునందు 42 ఆటలాడెను. ఆ జట్టు పిచ్చరు టోనీ ములేన్ అను ప్రసిద్ధుడు. వాకరు తానెఱిగిన క్యాచరులలో మేటియని ములేన్ తరువాత చాల యేండ్లకు ఒప్పుకొనెను. అయినను నల్లవాని సైగకు లోబడుట యిష్టము లేక తనకు తోచిన బంతినే వేయుచుండినట్లు తానే చెప్పెను. ఆ చేతుల కెన్ని దెబ్బలు తగిలెనో మనమూహింపవచ్చును.

అంతకు ముందటి యేట, 1883 ఆగస్టు 10వ తేదీన, టొలీడోలో జరిగిన సంగతి మన యభ్యాసమునకు మూలాధారము గనుక దానిని శ్రద్ధగా చదువుడు. చికాగో జట్టు అచ్చటికి ఆటకు వచ్చెను. దాని నాయకుడు కాప్ ఏన్సన్. ఆ కాలపు ఆటగాండ్రలో మిక్కిలి పేరుపడినవాడు. నల్లవాడు బరిలో నున్నచో తాము ఆడమని యతడు పట్టుబట్టెను. నిజమునకు వాకరు చేతికి గాయమై యుండుటచే ఆనాడాతని నాడింపవలెనని టొలీడో మేనేజరు చార్లీ మార్టన్ తలచియే యుండలేదు. ఏన్సన్ బెదిరింపు వినినంతనే ఆతడు వాకరును బయటి మైదానమున నిలువబెట్టి, ఆడనియెడల టిక్కెట్ల వసూలులో మీ భాగము పోవునని చెప్పెను. ఏన్సన్ తిట్టుకొనుచు ఆడెను. ఆట జరిగినది, ఆకాశము విఱిగి మీద పడలేదు.

ఇక 1887. ఇంటర్నేషనల్ లీగు అనునది పెద్ద లీగులకు క్రింది మెట్టు. అందులో పది జట్లు. ఆ సంవత్సరము అందు నల్లజాతి ఆటగాండ్రు పలువురుండిరి. న్యూఆర్క్ జట్టున వాకరు క్యాచరు, జార్జి స్టోవీ అను ఎడమచేతి పిచ్చరు. స్టోవీ ఆ యొక్క యేడే ముప్పదికి మించి ఆటలు గెలిచెను. బఫెలో జట్టున ఫ్రాంక్ గ్రాంట్, సిరక్యూస్ జట్టున రాబర్ట్ హిగ్గిన్స్ ఉండిరి. జూలై 14వ తేదీన చికాగోవారు ప్రదర్శనపు ఆటకై న్యూఆర్క్ వచ్చిరి. స్టోవీ బంతి వేయునని ప్రకటించి, పిదప ఒంట్లో బాగులేదని చెప్పి ఆతని తప్పించిరి. అదే దినమున బఫెలో నగరమున లీగు నిర్వాహకులు కూడి, ఇకమీదట నల్లవారితో క్రొత్త ఒడంబడికల నంగీకరింపరాదని తీర్మానించిరి. అనుకూలముగా ఆఱు, ప్రతికూలముగా నాలుగు ఓట్లని చెప్పుదురు.

ఇచ్చట విద్యార్థి తటాలున చేయి యెత్తును. "అయ్యా, ఇద్దఱు మనసు మార్చుకొని యుండినచో తీర్మానము వీగిపోయెడిది గదా! మార్పవలసిన యొక్క సంగతి అదియే." ఆలోచన చక్కనిదే. కాని దీనిని పరీక్షించుటకు మనకొక సాక్ష్యము కలదు. ఒహాయో ప్రాంతపు మఱియొక చిన్న లీగు 1888 ప్రారంభమున ఇటువంటి నిషేధమునే చేసెను. వాకరు తమ్ముడగు వెల్డీ వాకరు దానిని ఖండించుచు వ్రాసిన లేఖ మార్చి నెలలో ఒక క్రీడాపత్రికలో అచ్చుపడెను. నిషేధము కొలదికాలములోనే రద్దయ్యెను. అటుపిమ్మట ఏమైనది? తలుపు గొళ్లెము తీసిరిగాని లోనికి పిలిచినవారు లేరు. ముందటి యేట అచ్చట బాగుగా నాడిన సోల్ వైట్‌ను సైతము ఆతని జట్టు మరల చేర్చుకొనలేదు. కావున ఓట్లు మార్చినంత మాత్రమున మన ఊహ నిలువదు.

"పోనీ, ఏన్సన్ లేకుండినచో?" అని మఱియొకడనును. తరువాతి కాలమున చాలమంది చెప్పినదిదియే. సోల్ వైట్ కూడ 1907లో తాను ప్రకటించిన చరిత్రలో ఏన్సన్ మీదనే పెద్ద భారము మోపెను. ఆతడు దోషియే, సందేహము లేదు. అయినను 1887 సెప్టెంబరులో సెయింట్ లూయీ జట్టువారు నల్లవారి జట్టుతో నాడమని యజమానికి లేఖ వ్రాసినపుడు వారిలో ఏన్సన్ లేడు. సిరక్యూస్‌లో జట్టు ఛాయాపటము తీయునపుడు హిగ్గిన్స్ ప్రక్కన కూర్చుండమని ఇద్దఱు నిరాకరించినపుడును ఏన్సన్ లేడు. ఆ హిగ్గిన్స్ బంతి వేయుచుండగా సొంత జట్టువారే కావలెనని బంతులు జారవిడిచి, టొరాంటోలో 28–8గా ఓడినపుడును లేడు. ఒక్కని తొలగించి చరిత్రను బాగుచేయవచ్చునని నమ్ముట సులభము. ఎందుకనగా తక్కినవారందఱును అప్పుడు నిర్దోషులగుదురు.

ఇక మిగిలినదేది? టొలీడోలో మార్టన్ చేసిన పని. మన యూహలో మార్చునది ఇదొక్కటే: 1888 వసంతమున న్యూయార్క్ జట్టు యజమాని స్టోవీతో ఒడంబడిక వ్రాసికొని, దానినుండి వెనుదీయలేదు. ఇది గాలిలో కట్టిన మేడ కాదు. న్యూయార్క్‌వారు స్టోవీని కోరినట్లు ఆనాడే వార్తలు పుట్టినవి.

ఆటల కాలము ప్రారంభమగుచున్నది. నేషనల్ లీగున ఎనిమిది జట్లు. న్యూయార్క్ జట్టున టిమ్ కీఫ్, మికీ వెల్చ్ అను ఇద్దఱు గొప్ప పిచ్చరులు; క్యాచరు బక్ యూయింగ్. నిజముగా జరిగిన 1888లో కీఫ్ 35 ఆటలు గెలిచెను. అందు వరుసగా 19. మూడవ పిచ్చరగు టిట్‌కూంబ్ అను ఎడమచేతివాడు 14 గెలిచెను. మన యూహలో ఈ మూడవ స్థానము స్టోవీది. ఆతడు పదునాలుగే గెలుచునో, ఇరువదియే గెలుచునో, పందెపు ఫలితము మాఱదు. న్యూయార్క్ నిజముగానే 84 ఆటలు గెలిచి 47 ఓడి ప్రథమస్థానము నొందెను. చికాగో తొమ్మిది ఆటల వెనుక రెండవది. అంకెల పట్టికలో భేదము దాదాపు కనబడదు. భేదము వేఱొకచోట నున్నది.

చికాగో, న్యూయార్క్ జట్లు ఆ కాలమున ఒకదానితో నొకటి ఇంచుమించు ఇరువది ఆటలాడవలెను. మొదటి ఆటనాడు న్యూయార్క్ మైదానము నిండియుండును. ఏన్సన్ తన జట్టును నిలిపివేయునా? ఇది ప్రదర్శనపు ఆట కాదు, పందెపు ఆట, ఆడనిచో ఓడినట్లే. రెండవ స్థానమున నున్న జట్టు ఎన్ని ఓటముల నిట్లు దానము చేయగలదు? పైగా ఏన్సన్‌కు చికాగో క్లబ్బులో వాటా కలదు. వసూలు పోయినచో ఆతని సొమ్ము కూడ పోవును. టొలీడోలో చిన్న మొత్తము కొఱకు ఆడినవాడు న్యూయార్క్‌లో పెద్ద మొత్తము కొఱకు ఆడడని చెప్పుటకు నాకు కారణము కనబడదు. తిట్టుకొనుచునే ఆడును.

అయితే మన స్టోవీ మార్గము పూలబాట యని వ్రాసినచో అది నియమభంగము. నల్లవారిని హోటళ్లనుండి వెళ్లగొట్టరాదని 1875లో చేసిన చట్టమును 1883లోనే అక్కడి సుప్రీంకోర్టు కొట్టివేసెను. వాషింగ్టన్‌లోనో ఇండియానాపొలిస్‌లోనో జట్టంతయు ఒక హోటలులో, స్టోవీ మఱియొక పేటలో ఎవరింటనో తలదాచుకొనవలసివచ్చును. టొరాంటో ఆట వంటి దినము ఒకటి రెండైన వచ్చును. ఆ దినమున బంతి జారవిడిచినవానికి జరిమానా వేయవలసిన మేనేజరు వేయునా, వేయడా యనుటమీదనే మన ఊహ యంతయు నిలిచియున్నది. వేసెనను కొందము. శరత్కాలమున జట్టు గెలుచును. స్టోవీ పేరు గెలిచినవారి పట్టికలో అచ్చుపడును. మఱుసటి యేడు గ్రాంట్‌ను తీసికొన గోరువాడు ఆ పట్టికను చూపి యడుగును.

జరిగిన 1888 వేఱు. ఆ యేడు వాకరు సిరక్యూస్ జట్టులో నుండగా ఆ జట్టు తన లీగున ప్రథమస్థానము గెలిచెను. అయినను చికాగోవారు ప్రదర్శనపు ఆటకు వచ్చి యడుగగానే ఆ విజేతలే వాకరును ప్రక్కన కూర్చుండబెట్టిరి. 1889 తరువాత ఆతని నుంచుకొనలేదు. గ్రాంట్ 1888తో బఫెలో విడిచెను. ఆతడు 1937లో మరణింపగా సమాధికి చాలకాలము రాయి కూడ లేదు. 2006లో బేస్‌బాల్ కీర్తిమందిరమున ఆతని పేరు చేర్చిరి. నల్లవారు 1920లో తమకు తామే గట్టి లీగును కట్టుకొనిరి. 1942లో బేస్‌బాల్ కమిషనరు లాండిస్, నల్లవారిని చేర్చుకొనరాదను నియమమేదియు లేదని ప్రకటించెను. ఆతని మాట ఒక విధముగా నిజమే. వ్రాసిన నియమము లేదు గనుకనే కొట్టివేయుటకును వీలు లేకపోయినది.

ఇంటర్నేషనల్ లీగున వాకరు తరువాత నల్లజాతి ఆటగాడు మరల బరిలో దిగినది 1946లో. బ్రుక్లిన్ క్లబ్బు నడుపుచుండిన బ్రాంచ్ రికీ యొడంబడిక వ్రాసికొని, ఇతర క్లబ్బులవారు సణిగినను దానికి కట్టుబడి, జాకీ రాబిన్సన్‌ను మాంట్రియల్ జట్టుతో పంపెను. ఏప్రిల్ 18వ తేదీన మొదటి ఆట జెర్సీ సిటీలో. 1887 నాటి పది జట్లలో ఆ యూరి జట్టు కూడ ఒకటి. రాబిన్సన్ అయిదు మాఱులు బ్యాటు పట్టి నాలుగు మాఱులు బంతిని విజయవంతముగా కొట్టెను. అందొకటి హోమ్ రన్. మాంట్రియల్ 14–1గా గెలిచెను.