దీర్ఘవ్యాధిలో నిరీక్షణ



జ్వరం వస్తే నాలుగు రోజుల్లో తగ్గుతుందిలే అని ఓర్చుకుంటాం. ఏళ్ల తరబడి వదలని జబ్బు వస్తే మాత్రం, "ఇది నాతోనే పోతుంది" అనే మాట నోట వస్తుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో బెంగుళూరు రైలెక్కి ఆసుపత్రుల చుట్టూ తిరిగి అలసిన కుటుంబాలు మీకూ తెలుసు. మగ్గంలో కూర్చుంటేనే పూట గడిచే ఇంట్లో నేత మనిషి మంచం పడితే జబ్బు వెంటే అప్పు కూడా వస్తుంది. అలాంటి ఇంటివారికి నిరీక్షణ గురించి చెప్పాలంటే ఉత్త ఓదార్పు మాటలు చాలవు.

నయమయ్యే జబ్బు, అదుపులో ఉండే జబ్బు

ఒకప్పుడు క్షయ అంటే ఇల్లు విడిచి వెళ్లవలసిన రోగం. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియంలో రోగులు నెలల తరబడి ఉండేవారు. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, ఇంటి దగ్గరే ఉండి మందులు వాడినవారు కూడా శానిటోరియంలో ఉన్నవారితో దాదాపు సమానంగా కోలుకుంటారని 1959లో చూపింది. నేడు సాధారణ క్షయకు ఆరు నెలల మందులు చాలు. కొద్ది వారాల్లోనే దగ్గు తగ్గి ఒంట్లో బలం వస్తుంది. అప్పుడు మాత్రలు మానేస్తే మిగిలిన క్రిములు ఆ మందులకు లొంగకుండా తయారవుతాయి.

హెచ్‌ఐవి పూర్తిగా పోదు. అయినా 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచితంగా మందులు ఇవ్వడం మొదలుపెట్టిన తరువాత ఎందరో పనుల్లోకి తిరిగివచ్చారు, తమ పిల్లలను పెంచుకున్నారు. ఫాదర్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో ఆరంభించిన సేవాసంస్థ, 2000లో ధర్మవరం సమీపంలోని బత్తలపల్లిలో ఆసుపత్రి తెరిచింది. అక్కడ ఈ రోగులకూ చికిత్స దొరికింది. చక్కెర, రక్తపోటు కూడా ఇంతే. పూర్తిగా పోకపోయినా మందులతో అదుపులో ఉంటాయి.

కాబట్టి వైద్యుణ్ణి ఈ ఒక్క ప్రశ్న అడగండి: "ఇది నయమయ్యే జబ్బా, అదుపులో ఉండే జబ్బా?" జవాబు తెలిస్తే దేనికోసం ఆశపడాలో కూడా తెలుస్తుంది.

మందు మానడం విశ్వాసం కాదు

ప్రార్థన చేయించుకున్నాం గనుక మాత్రలు అక్కరలేదని కొందరు అనుకుంటారు. సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం చదవండి. వైద్యుణ్ణీ, ఔషధాలనూ కలుగజేసినది దేవుడేనని అది బోధిస్తుంది. రోగి ప్రార్థన చేయాలి, వైద్యునికీ చోటివ్వాలి. పునీత పౌలు తన బాధ తొలగాలని మూడుసార్లు వేడుకున్నాడు. అది తొలగలేదు గాని, దానిని భరించే కృప దొరికింది. జబ్బు తగ్గనంత మాత్రాన విశ్వాసం తక్కువైందని ఎవరినీ నిందించకూడదు.

వ్యాధిగ్రస్తుల అభ్యంగనం విషయంలోనూ ఒక భయం ఉంది. గురువును పిలిస్తే ఇక చావు దగ్గర పడినట్టేనని అనుకుంటారు. ఈ సంస్కారం మరణ ఘడియలో ఉన్నవారికి మాత్రమే కాదని రెండవ వాటికన్ మహాసభ 1963లోనే స్పష్టం చేసింది. తీవ్రమైన జబ్బు అని తెలిసినప్పుడే పిలవండి.

కోనేటి దగ్గరి రోగి

యోహాను సువార్త 5వ అధ్యాయంలో ముప్పై ఎనిమిదేళ్లుగా మంచానపడ్డ మనిషిని చూస్తాం. బాగుపడాలని ఉందా అని ప్రభువు అడిగితే, నన్ను నీటిలోకి దించే మనిషి లేడని చెప్పుకున్నాడు. నీరు దగ్గరలోనే ఉంది, తోడు లేదు. మన వీధిలోనూ ఆసుపత్రి ఉండి, మందు ఉండి, తోడు వెళ్లే మనిషి లేక ఆగిపోయినవారు ఉన్నారు.

ఈ వారం మన ఇళ్లలో

1. మాత్రల వేళను కుటుంబ ప్రార్థన వేళతో కలపండి. ఒకరు గుర్తు చేయండి.

2. ఆసుపత్రి చీటీలన్నీ ఒకే సంచిలో తేదీల వరుసన దాచండి.

3. దీర్ఘరోగి ఉన్న ఒక ఇంటికి వెళ్లండి. సలహాలు చెప్పకుండా కాసేపు కూర్చోండి. "ఈసారి చూపించుకోవడానికి నేను తోడు వస్తాను" అనండి.

4. రోగికి చేతనైన పని అప్పగించండి. కూర తరగడం, పిల్లల చేత పాఠం చదివించడం, జపమాల నడిపించడం ఏదైనా సరే. తన అవసరం ఇంకా ఉందని తెలిసిన మనిషి రేపటి మాత్ర కూడా వేసుకుంటాడు.