తండ్రి పాటు, కొడుకు పాటు



ఏ ఊరి రచ్చబండ వద్ద కూర్చున్నను నేడు ఒక మాట తప్పక వినవచ్చుచున్నది. "మా కాలములో కోడి కూయకముందే అరక కట్టినాము. ఇప్పటి పిల్లలకు బురద అంటరాదు, ఎండ తగలరాదు. ఇక సేద్యము ఎట్లు నిలుచును?" అని పెద్దలందురు. అదే ఊరి కుర్రవారిని అడిగినచో, "మా నాన్నగారు నలుబది యేండ్లు రాత్రింబవళ్లు కష్టపడినారు. మిగిలినది అప్పు. ఆ కష్టమునే మమ్మును కూడ పడమనుట న్యాయమా?" అందురు.

ఈ తగవు మాటలతో ఆగినచో దీనిని గూర్చి వ్రాయవలసిన పని లేదు. కాని దీని వలన తండ్రీకొడుకులు ఒకే చేనిలో రెండు మనసులతో పని చేయుచున్నారు. కొన్ని యిండ్లలో కొడుకు పట్నము పోవుచున్నాడు. తండ్రికి ఓపిక తగ్గగానే భూమి కౌలుకు పోవుచున్నది. ఆ నేల గుణము నలుబది యేండ్లుగా ఎరిగిన వాని తెలివి ఎవరికిని అందకుండ పోవుచున్నది. కావున పైరుకు వచ్చిన తెగులును పరీక్షించినట్లే ఈ విషయమును కూడ నిదానముగ పరీక్షింతము.

ప్రతి తరమును ఒకప్పుడు కొత్త తరమే

1966లో ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఐ.ఆర్.8 అను పొట్టి వంగడమును విడుదల చేసినది. మరుసటి యేడు, 1967లో, పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట గ్రామమునకు చెందిన నెక్కంటి సుబ్బారావుగారు దానిని తమ పొలములో పండించి, ఆ విత్తనమును ఇతర రైతులకు అందజేసి పేరు పొందినారు. అప్పటికి వారికి ముప్పది యేండ్లైనను నిండలేదు.

ఆ వంగడము గడ్డి పొట్టి, బియ్యము ముతక. పైగా ఎరువు హెచ్చుగా కావలెను. నిలువెత్తు పైర్లకును, పెంటబండ్లకును అలవాటుపడిన పెద్దలకు బస్తాలో వచ్చిన ఎరువు కష్టము తప్పించుకొను ఉపాయమువలె తోచుటలో వింత లేదు. ఆ తరువాత ట్రాక్టరు వచ్చి ఎద్దులను అమ్మినపుడును ఇట్టి మాటయే పుట్టినది. అనగా నేడు కొడుకును బద్ధకస్థుడనుచున్న తండ్రియు ఒకనాడు ఆ మాట పడినవాడే.

మరియొక సంగతి కూడ గమనింపుడు. యూరియా మన పొలములకు వచ్చినపుడు అది కొత్త. నేడు అదియే ఆచారమైనది. పైరు నల్లగా కనబడవలెనని మోతాదు మించి చల్లువారు ఎందరో కలరు. నత్రజని మించినచో సుడిదోమ, అగ్గితెగులు పెరుగును. కావున పాతది గనుక మంచిదనియు, కొత్తది గనుక చెడ్డదనియు చెప్పుటకు వీలులేదు. దేనినైనను పైరు మీద పరీక్షించియే తేల్చవలెను.

చెమట కొలత కాదు

అదనున పొదలో చల్లినను పండునని మనవారి సామెత. దీనిలో చెమట మాట లేదు, అదను మాటయే ఉన్నది. ఒక అరకతో దినమంతయు దున్నినను ఎకరము ముగియుట కష్టము. ఆనాడు వేరొక సాధనము లేదు గనుక ఆ కష్టము పడవలసి వచ్చినది. అది గౌరవింపదగినదే. కాని మనము పడిన కష్టము పైరుకు తెలియదు. పని అదనున జరిగినదా లేదా అన్నదే దానికి తెలియును.

వరినాట్లనే తీసికొందము. మన ప్రాంతములో నాట్లు వేయువారు చాలవరకు స్త్రీలే. రోజంతయు బురదనీటిలో వంగి చేయవలసిన పని అది. వారి బిడ్డలు చదువుకొని ఆ పనికి రానిచో బద్ధకమనుట తగదు. మన పిల్లలకు మనము ఏమి కోరుకొన్నామో, వారును తమ పిల్లలకు అదియే కోరుకొన్నారు.

కూలీల కొరకు ఎదురుచూచుచు ముదురు నారు నాటుటకన్న, డ్రమ్ సీడరుతో మొలకెత్తిన విత్తనమును దమ్ము చేసిన మడిలో నేరుగా వేయుట మేలు. నాలుగు డ్రమ్ములున్న ఈ పరికరము ఒకేసారి ఎనిమిది వరుసలు వేయును. వరుసకు వరుసకు మధ్య దూరము 20 సెంటీమీటర్లు. నాట్లకు ఎకరమునకు 20 నుండి 25 కిలోల విత్తనము పట్టగా దీనికి 12 నుండి 15 కిలోలు చాలును. పంట కూడ వారము, పది దినములు ముందుగా కోతకు వచ్చును.

అయితే యువకులారా, ఇది తేలిక సేద్యమని భ్రమింపవలదు. విత్తనము ముక్కు పగిలినంతనే వేయవలెను. మొలక పొడుగైనచో రంధ్రముల గుండ దిగదు. మడి అద్దమువలె చదునుగా ఉండవలెను; పల్లములో నీరు నిలిచిన చోట మొలక కుళ్లును. నాటిన పొలములో పైరు కలుపుకన్న ముందుండును. ఇచ్చట రెండును ఒకేసారి మొలచును. మొదటి నెల దినములు కలుపును అదుపు చేయనివాడు పంటపై ఆశ వదలుకొనవలసినదే. నడుము కష్టము తగ్గినది. కంటి కష్టము పెరిగినది.

గట్టు మీది సేద్యము

యువకులు దిద్దుకొనవలసిన లోపము ఇచ్చటనే కలదు. మోటారుసైకిలు గట్టున నిలిపి, సెల్‌ఫోనుతో ఫొటో తీసి, దుకాణములో చూపి, మందు తెచ్చి కొట్టించుట నేడు అలవాటైనది. సుడిదోమ ఆకుల చివర ఉండదు. నీటి మట్టమునకు కొంచెము పైన, దుబ్బు మొదట చేరి రసము పీల్చును. గట్టు మీదినుండి చూచువానికి పైరు పచ్చగానే కనబడును. సుడులు సుడులుగా ఎండుట కనబడునప్పటికి నష్టము జరిగిపోయినట్లే. చేనిలోనికి దిగి, దుబ్బును చేతితో వంచి, మొదట లెక్కపెట్టవలెను. పిలకల దశలో దుబ్బుకు 10 నుండి 15 దోమలు, ఈనిన తరువాత 20 నుండి 25 కనబడినచో మందు వాడవలెను. అంతకుముందు కొట్టిన మందు దోమను తిను సాలీళ్లను చంపి దోమకే మేలు చేయును.

మీ తండ్రిగారు తెల్లవారగనే పార భుజమున వేసికొని గట్లు తిరుగుట చాదస్తము కాదు. పీత బొరియ ఎక్కడ పడినది, ఎలుక కన్నము ఎక్కడ తవ్వినది, ఏ మడిలో నీరు తీసినది అన్న సంగతులు ఆ నడకలోనే తెలియును. ఏ యంత్రము వచ్చినను ఆ నడక మానరాదు.

పెద్దలకు కూడ ఒక మనవి. నాటునప్పుడు ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా విడువవలెనని కొడుకు చెప్పినచో, "తాతకు దగ్గులు నేర్పుచున్నాడు, బంగారము వంటి నేల పాడు చేయుచున్నాడు" అని కసరవలదు. ఆ బాట వలన దుబ్బుల మొదళ్లకు గాలి, వెలుతురు తగిలి దోమ ఉద్ధృతి తగ్గును. మందు కొట్టువాడు పైరు తొక్కకుండ నడువగలడు.

పని లేని చోట బద్ధకమును వెదకరాదు

2015–16 వ్యవసాయ గణన ప్రకారము సగటు కమతము ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టారు, తెలంగాణలో ఒక హెక్టారు. అనగా రెండున్నర ఎకరములకు లోపే. దుక్కి, కోత యంత్రముతో జరుగు నేటి దినములలో ఇంత భూమి ఇద్దరు మగవారికి ఏడాది పొడుగునా పని చూపలేదు. పని లేక కూర్చున్నవానిని పని చేయనివాడనుట పొరపాటు. పశువులో, కూరగాయలో, యంత్రము అద్దెకు త్రిప్పుటో, పట్నములో ఉద్యోగమో అతడు వెదకికొన్నచో అది సేద్యమునకు ద్రోహము కాదు. ఆ సంపాదనయే పెక్కు యిండ్లలో విత్తనమునకు, ఎరువుకు పెట్టుబడి అగుచున్నది.

ఇంకొక కారణము కూడ కలదు. ముప్పది యేండ్లు వచ్చినను ఏ విత్తనము వేయవలెనో చెప్పు అధికారము కొడుకుకు లేదు. పంట అమ్మిన సొమ్ము చేతికి రాదు. బస్సు చార్జీకి కూడ తండ్రిని అడుగవలసినవానికి ఆ చేనిపై మమకారము ఎట్లు కలుగును? నిర్ణయము లేని శ్రమ కూలియే. ఈ కూలికి జీతము కూడ లేదు.

ఈ యేడు చేసి చూడదగిన పని

1. రానున్న పంటకాలమునకు ఒక ఎకరమును, అంత వీలుకానిచో అర ఎకరమును, కొడుకుకు గాని కూతురుకు గాని కోడలికి గాని పూర్తిగా అప్పగింపుడు. వంగడము మొదలు అమ్మకము వరకు నిర్ణయము వారిదే. లాభమైనను నష్టమైనను వారిదే. అడిగినపుడే సలహా చెప్పుడు.

2. ఒక నోటు పుస్తకము పెట్టుడు. తేదీ, చేసిన పని, మనుషులు, కూలి, విత్తనము, ఎరువు, మందు వ్రాయుడు. ఇంటివారి పనికి కూడ కూలి కట్టుడు. ఇంటి ఆడవారి పనిని మరువవలదు. అప్పుడే ఎవరి పాటు ఎంతయో తేలును.

3. కొత్త పద్ధతిని మొదట ఆ ముక్కలోనే చేసి, తక్కిన చేనిని అలవాటైన రీతిగా సాగు చేయుడు. కోతనాడు రెండింటి ధాన్యమును కాటా వేసి, ఖర్చు తీసి చూడుడు.

4. వారమునకు రెండు పర్యాయములు ఇద్దరును కలిసి చేనిలోనికి దిగుడు. ఇరువది దుబ్బులు వేర్వేరు చోట్ల వంచి చూడుడు. ఆ అరగంటలో తండ్రి ఎరిగినది కొడుకుకు, కొడుకు చదివినది తండ్రికి తెలియును.

5. తప్పు జరిగినచో కూలీల యెదుట మందలింపవలదు. పంట ఇల్లు చేరిన పిదప పుస్తకము ముందుంచుకొని మాటలాడుకొనుడు.

పెద్దలారా, మీ పిల్లలు మీరు పడిన కష్టమునే పడవలెనని కోరవలదు. మీరు చేనిని చూచినంత శ్రద్ధగా చూడవలెనని కోరుడు. యువకులారా, యంత్రమును తెచ్చుకొనుడు, పుస్తకము వ్రాయుడు. కాని కాలికి బురద అంటకుండ వరి పండింపవచ్చునని మాత్రము తలంపవలదు.