అడవిపంది నియంత్రణలో 12 బోర్ తుపాకీకి తూటా ఎంపిక: మెట్ట కృష్ణా మండలాలకు వర్తించే సాంకేతికాంశాలు

పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన వీరులపాడు, నందిగామ, జగ్గయ్యపేట మండలాలలో ప్రత్తి, మిరప, మొక్కజొన్న చేలు ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. రబీ మొక్కజొన్న కండెపై అడవిపందులు పడే రాత్రులలోనే పక్క కల్లంలో మిరపకాయలకు కాపలా పడుకొన్నవారు ఉంటారు. కనుక గురి తప్పిన గుండు ఎక్కడ ఆగుతుందో తేలిన తరువాతనే తూటా సంగతి ఆలోచించాలి.

అడవిపంది 2022 నాటి సవరణ తరువాత వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని రెండవ షెడ్యూలులో ఉంది. పంట నష్టం కారణంగా దానిని కాల్చాలంటే 11వ సెక్షన్ క్రింద అధికారి కారణాలు చూపి ఇచ్చిన లిఖితపూర్వక అనుమతి తప్పనిసరి. తుపాకీ లైసెన్సు ఒక్కటే అందుకు చాలదు.

12 బోర్ గొట్టం లోపలి వ్యాసం సుమారు 18.5 మి.మీ. పక్షులకు వాడే సన్న రవ్వల తూటా పందిని చంపదు, గాయపరుస్తుంది. గాయపడిన పంది మనిషి మీదికి వస్తుంది. స్లగ్ అనేది దాదాపు 28 గ్రాముల ఏకైక సీసపు గుండు. జర్మనీలో 1898లో రూపొందిన బ్రెన్నెకె, అమెరికాలో 1930ల నాటి ఫాస్టర్ రకాలు నునుపు గొట్టానికి సరిపోతాయి. వాటి పక్కల గాడులు గుండును తిప్పి నిలుపుతాయన్న నమ్మకం సరికాదు. నిలకడకు ముఖ్య కారణం ముందు భాగపు బరువు. తొడుగుతో వచ్చే సాబో స్లగ్‌కు మెలి గాడుల గొట్టం కావాలి. నునుపు గొట్టంలో దానికి పెట్టిన ఖర్చు వృథా.

అన్నిటికన్నా ఎక్కువగా పొరపడేది తూటా పొడవు విషయంలో. 70 మి.మీ. అన్నది పేలి మూతి విచ్చుకొన్న తరువాతి కొలత. పేలక ముందు తూటా పొట్టిగా ఉంటుంది కనుక పాత తుపాకులలోని 65 మి.మీ. గదిలోనూ సులభంగా దూరుతుంది. పేలినప్పుడు మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. తూటా పట్టింది కదా అనే వాదన ఇక్కడ చెల్లదు; గది పొడవును తుపాకీ మీది ముద్రలో చూడాలి, లేదా తుపాకీ పనివాడి చేత కొలిపించాలి. రెండు గొట్టాల తుపాకీలో సాధారణంగా కుడి గొట్టం మూతి తక్కువ బిగువుగా ఉంటుంది. స్లగ్‌కు అదే మేలు. రెండు గొట్టాల గుండ్లు ఒకే చోట తగలవు కాబట్టి 25, 50 మీటర్ల దూరంలో విడివిడిగా పరీక్షించాలి.

ఇక కోణం. నేలపై నిలిచి 1.5 మీటర్ల ఎత్తునుండి 30 మీటర్ల దూరంలో, అర మీటరు ఎత్తున ఉన్న గురిని కాల్చితే, తప్పిన గుండు మరో 15 మీటర్లు పోయి సుమారు 2 డిగ్రీల వాలుతో నేలను తాకుతుంది. గట్టి నేలపై ఎగిరి పోవచ్చు. తుపాకీ మూతి 4 మీటర్ల ఎత్తున ఉండే మంచె మీదినుండి అదే గురికి వాలు 6 డిగ్రీలు దాటుతుంది, గుండు పంది వెనుక 4 మీటర్లకే నేల చేరుతుంది. దున్నిన నేల అయితే అక్కడే దిగబడే అవకాశం ఎక్కువ. కంకర గట్టు లేదా బండ వెనుక ఉన్నప్పుడు మాత్రం మంచె మీదినుండి కూడా కాల్చకూడదు.