పంచాయతీ పనికి ఫోను ‘యాప్’: తయారగు విధము

పంచాయతీ పనులకు ‘యాప్’లు చేసి యిత్తుమని నేడు పలువురు ముందుకు వచ్చుచున్నారు. గ్రామ ధనమును వెచ్చించుటకు ముందే, అది యెట్లు తయారగునో సభ్యులు తెలిసికొనుట మేలు.

హైదరాబాదులోని యూసుఫ్‌గూడలో చిన్న పరిశ్రమల శిక్షణకై కేంద్ర ప్రభుత్వ సంస్థ యొకటి గలదు. 1960లో ఢిల్లీలో స్థాపితమై, 1962లో హైదరాబాదునకు తరలివచ్చిన యీ సంస్థ నాడు ‘సియెట్’ అను పేర ప్రసిద్ధమైనది. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్లీలాండ్ దీని తోడ్పాటుతో 1964లో కాకినాడ వ్యాపారులకు శిక్షణ యిప్పించెను. శిక్షణ పొందినవారు తరువాత తమ వ్యాపారములలో మరింత చొరవ చూపిరని తేలినది. పనిముట్టు కంటె దానిని వాడు మనిషి ముఖ్యమను ఆ పాఠము ఫోనునకును వర్తించును.

ఫోనును నడపు మూల వ్యవస్థకు ‘ఆపరేటింగ్ సిస్టమ్’ అని పేరు. అట్టివానిలో ఆండ్రాయిడ్ ఒకటి. దీనితో తొలి ఫోను 2008లో వెలువడినది. దీనిని పంచాయతీ కార్యాలయముతో పోల్చవచ్చును. తాళములు, బీరువాలు దాని అధీనము. యాప్ అనునది అందు ఒక్క పనికై కూర్చున్న గుమాస్తా వంటిది. కెమెరాను గాని, మన నంబర్ల పట్టికను గాని తాకవలెనన్న అది అనుమతి కోరవలెను. 2015లో వచ్చిన ఆరవ ఆండ్రాయిడ్ నుండి అవసరమైన సమయముననే యిట్టి అనుమతి నడుగు పద్ధతి యేర్పడినది.

వీధిదీపము వెలుగలేదను ఫిర్యాదునకు యాప్ చేయవలెననుకొందము. మొదట కాగితముపై తెరలను గీయవలెను: వార్డు, స్తంభము సంఖ్య, ‘పంపుము’ అను మీట. పిదప కంప్యూటరులో ‘ఆండ్రాయిడ్ స్టూడియో’ అను ఉచిత సాధనముతో ఆ తెరలను కూర్చి, మీట నొక్కిన యేమి జరుగవలెనో ‘కోట్లిన్’ లేక ‘జావా’ భాషలో వ్రాయుదురు. సిగ్నలు లేనప్పుడు ఫిర్యాదు ఫోనులోనే నిలిచి, సిగ్నలు రాగానే పోవునట్లు చేయవలెను. అంతట పాత, చవుక ఫోనులలో పరీక్షించి చూడవలెను.

సభ్యులు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని గలవు. ఈ పనికి ప్రభుత్వ యాప్ ముందే యున్నదా? పంచాయతీ ప్రణాళికలకు, లెక్కలకు ‘ఈ-గ్రామస్వరాజ్’ 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైనది. దానినే మరల చేయించుట వృథా. మాటలన్నియు తెలుగులో నున్నవా? దీపము ఫిర్యాదునకు నంబర్ల పట్టిక నేల అడుగుచున్నది? అక్కరలేని వివరము సేకరింపనిదే మేలు. మూలరచన, సంకేతపదములు పంచాయతీకి అప్పగింతురా? ఆండ్రాయిడ్ తరచు మారుచుండును. తయారుచేసినవాడు వెడలిపోయినచో, మార్పులు చేయువారు లేక యాప్ మూలపడును.

కడపటి మాట. యాప్ స్తంభ మెక్కి దీపమును మార్చజాలదు. ఫిర్యాదును ప్రతిదినము చూచు మనిషిని ముందుగా నియమింపుడు. ఫోను లేని వృద్ధురాలి వీధియు చీకటిలో నుండరాదు గదా! కావున కార్యాలయములోని ఫిర్యాదుల పుస్తకమును మూయకుడు. నోటిమాటగా వచ్చిన ఫిర్యాదును గుమాస్తాయే యాప్‌లో నెక్కించవలెను. అప్పుడే అది గ్రామమంతటికిని చెందినదగును.