త్యాగం మీది, ఖరీదు ఎవరిది? క్రైస్తవ సహోదరులకు తొమ్మిది ఇంటి చిట్కాలు

మన పెళ్లిళ్లలో తరచూ వినిపించే వాక్యభాగం ఎఫెసీ పత్రిక అయిదో అధ్యాయం. భార్య లోబడాలన్న మాట అందరికీ గుర్తుంటుంది. కానీ 25వ వచనం నుంచి భర్తకు పౌలు చెప్పినది అంతకన్నా ఎక్కువ, అంతకన్నా బరువైనది. క్రీస్తు సంఘం కోసం ప్రాణం పెట్టాడు. భర్త ప్రేమకు కొలత అదేనన్నాడు.

మనం సంఘం కోసం కష్టపడతాం. మందిరం కట్టుబడికి ఇటుకలు మోస్తాం, రాత్రి ప్రార్థనలకు వెళతాం. ఆ కష్టంలో పెద్ద వాటా ఇంట్లో ఆడవాళ్ల మీద పడుతుంది. పేరు మనకు, అలుపు వాళ్లకు. అందుకే కింది చిట్కాలన్నిటికీ సూత్రం ఒక్కటే: మీరు చేసే త్యాగానికి ఖరీదు మీరే కట్టండి.

1. ఆదివారం పని శనివారం రాత్రే అందుకోండి. అందరి బట్టలూ ఇస్త్రీ చేయండి, పిల్లల బైబిళ్లు, కానుక డబ్బులు సర్దిపెట్టండి. పొద్దున్నే పిల్లల స్నానాలు, టిఫిన్ మీరు చూసుకోండి. మీరు బండి స్టార్ట్ చేసి హారన్ కొడుతుంటే మీ భార్య పొయ్యి కట్టేసి పరుగెత్తుకొచ్చే ఆదివారం ఇక ఉండకూడదు. మొదటి పాటకు ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఉండాలి.

2. అతిథులను పిలిచే ముందు ఆవిడను అడగండి. పాస్టరుగారినీ పదిమంది విశ్వాసులనూ భోజనానికి పిలవడం మంచిదే. పిలిచింది మీరైతే కూరలు తరగడం, వడ్డించడం, చివర గిన్నెలు తోమడం కూడా మీ వంతే. యోహాను సువార్త 13వ అధ్యాయంలో శిష్యుల పాదాలు కడిగేటప్పుడు ప్రభువు తువాలు తానే కట్టుకున్నాడు, నీళ్లు తానే పోసుకున్నాడు. ఆ పని ఇంకొకరికి పురమాయించలేదు. కడిగిన పాదాల్లో తనను పట్టివ్వబోయే యూదావీ ఉన్నాయి.

3. కానుక కవరు నింపే ముందు ఇంటి మందుల చీటీ చూడండి. దేవుడికి అర్పించామన్న సాకుతో తల్లిదండ్రులను వదిలేసేవాళ్లను యేసు గట్టిగా మందలించాడు (మార్కు 7). అమ్మ బీపీ మాత్రలు, పిల్లల ఫీజు, ఇంటి అద్దె ఆపి ఇచ్చిన కానుక మీ త్యాగం కాదు, వాళ్లది. ఎక్కువ ఇవ్వాలని మనసుంటే మీ సొంత ఖర్చు తగ్గించుకోండి. కొత్త ఫోన్ వాయిదా వేయండి, సిగరెట్లుంటే మానేయండి. అందులో మిగిలింది ఇవ్వండి.

4. రాత్రి సగం మీరు మేలుకోండి. పసిబిడ్డ ఉన్న ఇంట్లో, మంచాన పడ్డ పెద్దవాళ్లున్న ఇంట్లో అన్నిటికన్నా విలువైనది నిద్రే. ఇంత గంట నుంచి ఇంత గంట దాకా నాది అని ముందే చెప్పుకోండి. మీ అమ్మానాన్నల సేవ కోడలికి వదిలేయకండి. స్నానం చేయించడం, పక్కబట్టలు మార్చడం మీరు నేర్చుకోండి. అత్తమామలకు జబ్బు చేస్తే సెలవు పెట్టి మీరూ వెళ్లండి. సిలువ మీద వేలాడుతూ కూడా యేసు తల్లి బాధ్యత మరిచిపోలేదు, శిష్యుడికి అప్పగించాడు.

5. శ్రమల దినాల ఉపవాసం ఇంట్లో ఎవరికీ శ్రమ కాకూడదు. నలభై రోజులూ మీ ఆకలి విసుగై పిల్లల మీద పడుతుంటే ఆ ఉపవాసం వాళ్లు చేస్తున్నట్టే. సాయంత్రం ఉపవాసం విడిచేటప్పుడు ప్రత్యేక వంటలు అడగకండి. మానేసిన పూట భోజనం డబ్బులు ఒక డబ్బాలో వేసి, వారానికోసారి ఆకలితో ఉన్నవారికి భోజనం పెట్టండి. దేవుడు కోరే ఉపవాసం ఇదేనని యెషయా 58వ అధ్యాయం చెబుతుంది. షుగరు ఉన్నవాళ్లు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

6. క్షమాపణ ముందు మీరు అడగండి, అదీ ప్రభువు బల్లకు వెళ్లకముందే. అర్పణ పక్కన పెట్టి ముందు సమాధానపడమని మత్తయి 5లో ప్రభువే చెప్పాడు. ఏం తప్పు చేశారో పేరుపెట్టి చెప్పండి, చివర "కానీ నువ్వు" అని తగిలించకండి. పిల్లల ముందు కసిరితే పిల్లల ముందే అడగండి. చెయ్యి చేసుకునే అలవాటుంటే మాటతో సరిపోదు: వెంటనే ఆపండి, ఆవిడ భయపడకుండా ఉండేలా దూరంగా ఉండండి, పెద్దల సాయం, కౌన్సెలింగ్ తీసుకోండి. సహించడమే ప్రేమ అని ఆవిడకు బోధించే హక్కు కొట్టినవాడికి లేదు.

7. శరీరంతో కూడా భారం మోయండి. పిల్లలు చాలనుకున్నాక ఆపరేషన్ అంటే మన ఊళ్లలో ఆడవాళ్లనే పంపుతారు. కాన్పుల నొప్పులు పడ్డది ఆవిడ. మగవాళ్ల వేసెక్టమీ చిన్నది, మత్తు ఆ చోటికే ఇస్తారు, అదే రోజు ఇంటికి రావచ్చు. పరీక్ష చేసి డాక్టరు సరేననే దాకా, సుమారు మూడు నెలలు, వేరే జాగ్రత్త వాడాలి. కతోలిక సంఘం దీన్ని అంగీకరించదు. మిగతా సంఘాలవాళ్లు దంపతులుగా కూర్చుని ఆలోచించండి. శరీరంతో చేయగల మరో త్యాగం రక్తదానం: ఆరోగ్యవంతుడైన పురుషుడు 90 రోజులకోసారి రక్తం ఇవ్వవచ్చు. ఎవరికి వెళుతుందో తెలియకుండా ఇచ్చే దానం అది.

8. మీరు లేని రోజుకు కూడా ప్రేమించండి. వీలునామా లేకుండా క్రైస్తవుడు చనిపోతే, 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం పిల్లలుంటే భార్యకు మూడో వంతు. మిగతాది పిల్లలందరికీ సమానం, కొడుకూ కూతురూ తేడా లేదు. ఇల్లు ఆవిడకే ఉండాలనుకుంటే ఇద్దరు సాక్షులతో వీలునామా రాయండి. బ్యాంకు, పీఎఫ్, బీమా కాగితాల్లో నామినీ పేరు చూడండి, అప్పుల లెక్క ఆవిడకు చెప్పండి. డబ్బు విషయంలోనే ఇంకో మాట: కొడుకు పెళ్లికి కట్నం అడగకండి. అది 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం నేరం, ఇంకో తండ్రి కష్టార్జితం.

9. సాక్ష్యం చెప్పకండి, లెక్క అడగండి. ఇవన్నీ చేస్తున్నానని సంఘంలో లేచి చెప్పిన రోజు వాటి జీతం ముట్టినట్టే. దానికి బదులు ప్రతి ఆదివారం రాత్రి ఇంటావిడను అడగండి: "ఈ వారం నేను చేసిన మంచిపనుల్లో ఏది నీ మీద పడింది?" జవాబు వినేటప్పుడు సమర్థించుకోకండి. ఆవిడ చెప్పిన పని వచ్చే వారం నుంచి మీ చేతిలోకి తీసుకోండి. జవాబు చెప్పడానికి ఆవిడ భయపడకపోతే, ఇంట్లో ప్రేమ నిజమైనదవుతోందని ధైర్యంగా నమ్మండి.