స్త్రీల మూత్రనాళ వ్యాధులు – ఎం.ఆర్.ఐ. పరీక్ష

స్త్రీలకు మూత్రమున మంట కలుగుట సామాన్యము. ధనియాలు నానవేసిన నీరు, బార్లీ జావ, పల్లేరుకాయల కషాయము మన ఇండ్లలో వాడుకలో నున్నవే. స్వల్పమైన మంటకు ఇవి ఉపశమనము నిచ్చును. కాని మంట తగ్గి మరల మరల వచ్చుచున్నచో దానికి వేరొక మూలమున్నదేమోయని విచారింపవలయును. ఈ పాఠమును నేను నా పొరపాటు వలననే నేర్చితిని.

వరంగల్‌లోని నా వైద్యశాలకు నలుబది యేండ్ల గృహిణి యొకరు సంవత్సరకాలము వచ్చిరి. మూత్రకృచ్ఛ్రమని నిర్ణయించి చంద్రప్రభావటి, గోక్షురాది గుగ్గులు ఇచ్చితిని. బాధ తగ్గుచు, తిరిగి వచ్చుచుండెను. ఒకనాడు ఆమె వెళ్లబోవుచు గుమ్మము వద్ద ఆగి, “అయ్యా, మూత్రానికి పోయి లేచినంక మళ్ల చీర తడుస్తుంది. ఈ మాట ఎవరికి చెప్పుకోవాలె?” అనిరి. ఐదు ఇంద్రియములతోను, ఆరవదిగా ప్రశ్నతోను రోగిని పరీక్షింపవలెనని సుశ్రుతుడు చెప్పెను. గురుకులమున దానిని కంఠస్థము చేసిన నేనే ఆ ఆరవదానిని విడిచితిని. వెంటనే ఆమెను మూత్రవ్యాధుల శస్త్రవైద్యుని వద్దకు పంపితిని. ఎం.ఆర్.ఐ. తీయగా మూత్రనాళము ప్రక్కన ఒక తిత్తి కనబడెను.

తిత్తి ఎట్లేర్పడును?

స్త్రీ మూత్రనాళము పొడవు సుమారు 4 సెంటీమీటర్లు. ఉత్తరవస్తి చేయునపుడు నేత్రమును స్త్రీల మూత్రమార్గమున రెండంగుళముల వరకే చొప్పింపవలెనని సుశ్రుతుడు నియమించెను. ఈ నాళము చుట్టును చిన్న గ్రంథులు కలవు. ఒక గ్రంథి ద్వారము మూసుకొని, లోపల చీముపట్టి, అది నాళములోనికి పగిలినచో అచ్చట తిత్తి మిగులును. దీనిని డైవర్టిక్యులమ్ అందురు. అందులో మూత్రము నిలిచి తరువాత బొట్లుబొట్లుగా కారును. నిలిచిన మూత్రమున సూక్ష్మక్రిములు పెరుగును. మంట, దాంపత్య సమయమున నొప్పి, యోని ముందుగోడపై మెత్తని వాపు దీని ఇతర లక్షణములు. ఇవన్నియు అందరిలో కనబడవు. తిత్తిలో రాయి ఏర్పడవచ్చును. అరుదుగా క్యాన్సరు కూడ పుట్టవచ్చును. కషాయము మంటను శమింపజేయవచ్చును గాని తిత్తిని పూడ్చజాలదు.

ఎం.ఆర్.ఐ. ఏల?

నాళములోనికి మందు ఎక్కించి తీయు ఎక్స్‌రేలో, ఆ మందు తిత్తిలోనికి చేరిననే తిత్తి కనబడును. ఎం.ఆర్.ఐ.కి ఆ అవసరము లేదు. ఇందు ఎక్స్‌కిరణములు వాడరు. బలమైన అయస్కాంతము, రేడియో తరంగములు మన శరీరపు నీటిలోని హైడ్రోజన్ పరమాణువుల నుండి సంకేతములను రాబట్టును. ఒక విధమైన చిత్రములో నిలువనీరు తెల్లగా మెరయును. ఈ విద్యకు మూలమైన పరిశోధనకు గాను పాల్ లౌటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ బహుమతి లభించినది.

తిత్తి ఎంతది, ఒకటా అనేకములా, నాళమును గుఱ్ఱపులాడము వలె చుట్టుకొన్నదా అను విషయములు ఈ చిత్రములో తెలియును. మూత్రమును ఆపు కండరము అచ్చటనే యున్నందున, ఈ వివరములు శస్త్రవైద్యునికి ముందుగా తెలియుట మేలు.

జాగ్రత్తలు

పరీక్షకు ముందు నగలు, జడపిన్నులు, ముఖ్యముగా మంగళసూత్రమునకు, గాజులకు తగిలించుకొన్న పిన్నీసులు తీసివేయవలెను. గుండెలో పేస్‌మేకరు, దేహమున లోహపు క్లిప్పులు, కాపర్-టి ఉన్నచో ముందే చెప్పవలెను. గర్భమును, మూత్రపిండ వ్యాధిని దాచరాదు. యంత్రము పెద్ద శబ్దము చేయును. భయపడనక్కరలేదు, కదలక పరుండవలెను.

ప్రతి మంటకును ఈ పరీక్ష అక్కరలేదు. మొదట మూత్రపరీక్ష, కల్చరు, వైద్యురాలి ప్రత్యక్ష పరీక్ష జరుగవలెను. జ్వరము, మూత్రమున రక్తము, మూత్రము బిగియుట కలిగినచో ఇంటివైద్యముతో కాలయాపన చేయక ఆసుపత్రికి పోవలెను.

నేను పంపిన ఆమెకు శస్త్రచికిత్స జరిగినది. చీర తడియుట నిలిచినది. తల్లులారా, వైద్యుడు అడుగకున్నను మీ బాధను చెప్పుడు. గుమ్మము వద్ద కాక, కూర్చున్న వెంటనే చెప్పుడు.