అచ్చు లేని రేకుపనిలో నునుపు

పంజాబులోని జండియాలా గురు ఠఠేరాలు అచ్చు లేకుండానే ఇత్తడి రేకును సుత్తితో పాత్రగా మలుస్తారు. 2014లో యునెస్కో ఈ విద్యను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. దెబ్బల ఎడం తగ్గినకొద్దీ పాత్ర నునుపుదేరుతుంది.

కంప్యూటరు నడిపే యంత్రంలోనూ ధర్మం ఇంచుమించు అదే. అంచులు బిగించిన రేకును గుండ్రని మొన గల పనిముట్టు వరుస వెంట వరుసగా నొక్కుతూ దిగుతుంది; వరుసల నడుమ సన్నని గట్లు మిగులుతాయి. మొన వ్యాసం 10 మిల్లీమీటర్లు, రేకు వాలు వెంట వరుసల ఎడం 1 మిల్లీమీటరు అయితే గట్టు ఎత్తు, లెక్క ప్రకారం, సుమారు 25 మైక్రాన్లు. ఎడం సగమైతే ఎత్తు నాలుగో వంతుకు దిగుతుంది. పనికాలం మాత్రం దాదాపు రెట్టింపవుతుంది. మొన లావైతే గట్లు తగ్గుతాయి గాని, ఇరుకు మూలలు తీరవు. కందెన చాలకపోతే ఈ లెక్కలన్నీ వృథాయే: అల్యూమినియం మొనకు అంటుకొని రేకునే గీరుతుంది.